సార్ ఉన్నరా?

లక్ష్మీకాంతరావు సారు ఇంటి గేటుకు కాలింగ్ బెల్లు ఉంది. ఉండటమే గానీ దాన్ని నొక్కిన పాపాన ఎవరూ పోలేదు. చెన్నూరులో ఆ గల్లీకి వచ్చే పాలవాడి దగ్గర్నుంచి కరెంటు బిల్లు కొట్టే మనిషి దాకా అందరూ గేటు పట్టుకుని, "సార్ ఉన్నరా?" అని ఒక్క కేక వేస్తారు. ఏ గదిలో ఉన్నా సరే, లోపలి నుంచి సారు గొంతు ఖంగుమని పలికేది.

"ఉన్నడు! రా!"

తన గురించి తానే ఎవరో మూడో మనిషి సంగతి చెప్పినట్టు చెప్పుకోవడం ఆయనకు సరదా. బయటివాడు 'ఉన్నరు' అని గౌరవించి అడిగితే, లోపలివాడు 'ఉన్నడు' అని ఆ గౌరవానికి కత్తెర వేసేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు పలికింది ఇంకెవరో అనుకుని, లోపలికి వెళ్లి చూస్తే ఆయనొక్కడే కనబడేసరికి బిక్కమొహం వేసేవాళ్లు. ఆయన భార్య ప్రమోదినికి పెళ్లయినప్పటి నుంచీ ఈ మాట విని విని చెవులు చిల్లులు పడ్డాయి.

సారు కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు తర్కశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ప్రమోదిని వాటాకు వచ్చిన పొలాలు చూసుకోవడానికని ఇద్దరూ చెన్నూరు వచ్చి స్థిరపడ్డారు. పొలాలు చూసుకున్నది ప్రమోదిని. సారు చూసుకున్నది జోయల్‌ని.

జోయల్ ఒకప్పుడు కరీంనగర్‌లో ఆయన క్లాసులో కూర్చున్న కుర్రవాడు. ఇప్పుడు చెన్నూరు చివర చిన్న మెథడిస్టు చర్చికి పాస్టరు. వాళ్ల తాత మిషన్ వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకుని, ఏ వాదం అడగకుండా, ఏ పుస్తకం చదవకుండా చచ్చేదాకా నమ్మాడు. మనవడికి మాత్రం వాదం లేనిదే ముద్ద దిగదు. ఈ జబ్బు అంటించింది సారే.

తర్కం పాఠంలో అందరూ పొగను చూసి నిప్పు ఉందని చెబుతారు. సారు పొగ జోలికి పోయేవాడు కాదు. చెప్పుల సంగతి చెప్పేవాడు. "ఇంటి ముందట నా చెప్పులున్నయ్. అంటే నేను ఇంట్ల ఉన్న. ఒప్పుకుంటరా?" అనేవాడు. క్లాసంతా ఒప్పుకునేది. అందరి తలలూ ఊగేదాకా ఆగి, తీరిగ్గా అనేవాడు: "నాకు రెండు జతలున్నయ్."

అందరూ నవ్వి ఊరుకున్నారు. జోయల్ నవ్వి, ఆ రాత్రంతా నిద్రపోలేదు. ఒక వాదం అంత గట్టిగా నిలబడి, అంత చిన్న మాటకు కూలిపోవడం అతనికి భలే నచ్చింది. కూలని వాదం ఒకటి తన దేవుడి కోసం కట్టాలని అప్పుడే పంతం పట్టాడు.

పాస్టరై చెన్నూరు వచ్చాక ఆ పంతం ప్రతి సోమవారం సారు వరండాలో చాయ్ కప్పుల మధ్య సాగింది. ఆదివారం సంఘానికి ప్రసంగం, సోమవారం సారుకు వాదం. లోకం ఉంది కాబట్టి దాన్ని చేసినవాడు ఉన్నాడని జోయల్ అంటే, "కుమ్మరి కుండ చేస్తుంటే మనం చూసినం. అందుకే కుండను చూసి కుమ్మరిని చెప్తం. లోకాన్ని చేస్తుంటె ఎవలు చూసిండ్రు?" అనేవాడు సారు. మామిడిపండు ఇంత తియ్యగా చేసినవాడు ఒకడుండాలి కదా అని జోయల్ అంటే, "టెంకల పురుగును పెట్టింది గూడ ఆయనేనా?" అనేవాడు. అలాగని ఆయన నాస్తికుడు కాదు. దేవుడు లేడని మీసం మెలేస్తూ వచ్చిన కుర్రాళ్లను కూడా అదే వరండాలో అదే చెప్పులతో తిప్పి పంపేవాడు: "వాకిట్ల చెప్పులు లేకుంటే మనిషి లేనట్టేనా? నేను ఇంట్ల గూడ చెప్పులేసుకొనే తిరుగుత."

"మరి మీరేమంటరు సార్? ఉన్నడా, లేడా?" అని జోయల్ ఒకసారి గట్టిగా నిలదీశాడు.

"నాకు తెల్వది," అన్నాడు సారు. ఆ మాట చెప్పడానికి ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు. "కని ఒక్కటి జోయల్. నీ వాదం ఒక్కటన్న నా చేతిల ఇరగకుంట నిలబడ్డనాడు, నా నోటితోని నేనే అంట, ఉన్నడు అని."

ఆ ఒక్క మాట కోసం జోయల్ ఏళ్లకేళ్లు తిరిగాడు. సారు నోటి నుంచి అది రాలితే తన నమ్మకానికి ముద్ర పడినట్టే అనుకున్నాడు. ఈలోపు అతనికి తెలియకుండానే ఒక పని జరిగిపోయింది. అతని ప్రార్థనలన్నీ వాదాలైపోయాయి. "కారణం లేకుండా కార్యం పుట్టదు గనుక, ఓ ప్రభువా..." అని మొదలెట్టేవాడు. ముందు వరసలో కూర్చునే లచ్చవ్వ, "మా అయ్యగారు దేవునికే పాఠం చెప్తడు," అని ఊరంతా మురిపెంగా చెప్పుకునేది.

మనిషిలో మంచీ చెడూ చెప్పే గొంతు ఎక్కడిది అన్న వాదం ఒక్కటే జోయల్ దాచుకుని దాచుకుని ఉంచాడు. మొన్న ఎండాకాలం చివర ఒక సోమవారం అది కూడా తీసి సారు ముందు పెట్టాడు. సారు ఆ రోజు చాలాసేపు ఆలోచించాడు. చివరకు సారు కప్పు కింద పెట్టి, పాపం ఆయనకే బాధగా ఉన్నట్టు, ఆ వాదంలో పగులు ఎక్కడుందో చూపించాడు. నిజంగానే ఉంది.

తర్వాతి ఆదివారం జోయల్ ప్రార్థనకు నిలబడితే లోపల ఏమీ లేదు. మాటలు వచ్చాయి, నోరు ఆడింది, సంఘం ఆమేన్ అంది. ఇంటికి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా మంచం మీద కూలబడ్డాడు.

"వినోదా, నేను ఈ పని మానేస్త," అన్నాడు భార్యతో. "నమ్మకం లేనోడు నమ్ముమని చెప్పుడు మోసం. సంఘానికి చెప్పేస్త."

వినోద అంగన్‌వాడీలో టీచరు. ఏడ్చే పిల్లలను చూసి చూసి ఆమెకు తొందరపడటం పోయింది. "చెప్పుదువు గని, ముందు సారుతోని ఒకసారి మాట్లాడు," అంది.

మాట్లాడే వీలు లేకపోయింది. ఆ వారమే సారుకు పక్షవాతం వచ్చింది. కరీంనగర్ తీసుకుపోయారు. జోయల్ వెళ్లేసరికి ఆయన ముక్కుకు గొట్టంతో, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆ ముఖం చూసి వచ్చాక ఇంకోసారి వెళ్లడానికి జోయల్‌కు ధైర్యం చాలలేదు. వానలు పడ్డాయి. నాట్లు మొదలయ్యాయి. సారును ఇంటికి తెచ్చారని తెలిసింది. కుడివైపు పడిపోయిందట, మాట పోయిందట. ఏం అర్థమవుతోందో, ఏం కావట్లేదో చెప్పలేమన్నారట డాక్టర్లు. ఇక ఆగేదేముంది, వచ్చే ఆదివారం చెప్పేస్తానని జోయల్ వినోదతో ఖాయంగా అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున్నే లచ్చవ్వ వానలో తడుస్తూ, ఖాళీ పెరుగు గిన్నెతో ఉరికొచ్చింది.

"వందనాలు అయ్యగారూ! సారు ఒప్పుకుండు! నా చెవులార ఇన్న!"

"ఏం ఒప్పుకుండు అవ్వా?"

"దేవుడున్నడని! పెరుగు పోద్దమని పోయిన. సారును కుర్చీల కూసుండవెట్టిండ్రు. సూసేసరికి నా పానం జివ్వుమన్నది. 'ఇన్నొద్దులు లేడు లేడంటివి గద సారూ, గిప్పుడన్న చెప్పు, దేవుడున్నడా?' అని అడిగిన. 'ఉన్నడు' అన్నడు అయ్యగారూ! మాట పోయినోడు! గదొక్క మాటే అన్నడు!"

దేవుడు లేడని సారు ఎన్నడూ అనలేదు. కానీ లచ్చవ్వకు ఆ తేడా చెప్పే స్థితిలో జోయల్ లేడు. మాటలన్నీ పోయిన మనిషికి ఆ ఒక్క మాటే మిగలడమా! ఏళ్ల తరబడి తను ఎదురుచూసిన మాటే మిగలడమా! చెప్పులు వేసుకోవడం కూడా మరచి ఆ బురదలో సారు ఇంటికి పరుగెత్తాడు. ఇన్నాళ్లకు అతను అడక్కుండానే, వాదించకుండానే ఎవరో జవాబిచ్చారు.

గేటు దగ్గరకు వచ్చి, ఆయాసపడుతూ, అలవాటు కొద్దీ కేకేశాడు.

"సార్ ఉన్నరా?"

లోపలి నుంచి వచ్చింది గొంతు. కాస్త ముద్దగా ఉంది గానీ అదే ఎత్తు, అదే వరస.

"ఉన్నడు."

జోయల్ గేటు కమ్మి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతనికి అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండుననిపించింది. అది దేవుడి గురించిన మాట కాదు. గేటు దగ్గరి మాట. ఇన్నేళ్లూ రోజుకు పదిసార్లు పలికి పలికి నాలుకకు అంటుకుపోయిన మాట. చివర ఉండే 'రా' కూడా ఊడిపోయింది.

అయినా ఆశ చావక లోపలికి వెళ్లి, కుర్చీ ముందు కూర్చుని అడిగాడు. "సార్, దేవుడు లేడు గద?"

"ఉన్నడు," అన్నాడు సారు.

"చాయ్ తాగిండ్రా సార్?"

"ఉన్నడు."

ప్రమోదిని జావ గిన్నెతో వచ్చి, జోయల్ ముఖం చూసి, అతను ఏం తెలుసుకున్నాడో తెలుసుకుంది. "గేటు కాడి మాట," అంది మెల్లగా. "అన్ని పోయినయ్ జోయల్, గదొక్కటే మిగిలింది. మీ లచ్చవ్వ సంబురం చూసి నాకు చెప్పబుద్ధి కాలే. నిన్న సుల్తానాబాద్ నుంచి మా అన్న వచ్చిండు. 'బావా, నర్సింహస్వామి ఉన్నడా' అని అడిగి, ఉన్నడన్నందుకు కండ్లల్ల నీళ్లు వెట్టుకొని పోయిండు. మూల మీది కుట్టుమిషిని సాహెబ్ గూడ అడిగి పోయిండు. అందరు ఖుషీగ పోతుండ్రు." చెంచాతో జావ పట్టి, మూతి తుడిచి, కొంచెం ఆగి అంది: "తెల్సి గూడ నేను అడిగిన. పొద్దుగాల దీపం ముట్టిచ్చి వచ్చి అడిగిన. ఉన్నడు అన్నడు. జరసేపు మంచిగనిపిచ్చింది."

జోయల్ లేచి గేటు వైపు నడిచాడు.

అతను ఇల్లు చేరేలోపే ఊరు కోడై కూసింది. చర్చి పెద్ద పేతురు అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఏ పని మొదలుపెట్టినా చివరి స్టాపు దాకా ఆపడు. "అయ్యగారూ, గిసొంటి సాక్ష్యం మల్ల దొరుకుతదా?" అన్నాడు. "లచ్చవ్వ దారిల చెప్పంగనే మీకన్న ముందే పోయి ఫోన్ల వీడియో తీసుకొచ్చిన. ఆదివారం టీవీ వెట్టి చూపెడుదాం. చర్చికి రానోళ్లు గూడ వస్తరు చూడుండ్రి. మీరేం ఫికర్ వడకుండ్రి, టీవీ సంగతి నేను చూసుకుంట."

జోయల్ అడ్డు చెప్పాలి. నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో అతనికి తెలుసు. ఆ వీడియో పెడితే సంఘం నిండుతుంది, మానేస్తున్నానని చెప్పే బాధ తప్పుతుంది, బహుశా నలుగురు నమ్ముతుంటే ఆ ఊపులో తను కూడా మళ్లీ నమ్మగలడు. అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు. ఊరికే ఉంటే చాలు. ఆ ఆలోచనకు తనమీద తనకే రోత పుట్టింది. అయినా ఊరికే ఉన్నాడు.

శనివారం ముసురు పట్టింది. వరద నీళ్లు నారుమడిలోకి వచ్చాయని కబురు వస్తే ప్రమోదిని పొలానికి పోతూ, కాసేపు సారు దగ్గర కూర్చోమని జోయల్‌కు ఫోన్ చేసింది. వరండాలో సారు కుర్చీలో ఉన్నాడు. ఒడిలో చచ్చుబడిన కుడి చెయ్యి. చూపు వాన మీద. గుమ్మం పక్కన చెప్పులు రెండు జతలూ ఉన్నాయి. నడవని మనిషికి రెండూ ఒకటే, రెంటి మీదా దుమ్ము పట్టింది. జోయల్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లకు సారు వాదంలో పగులు పూడింది. రెండు జతలూ వాకిట్లోనే ఉన్నాయి కాబట్టి మనిషి ఇంట్లోనే ఉన్నాడు.

కానీ ఉన్నాడా?

ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, జోయల్ కడుపులో ఉన్నదంతా చెప్పాడు. ప్రార్థన ఎండిపోయిన సంగతి, పని మానేద్దామనుకున్న సంగతి, పేతురు వీడియో సంగతి, తను నోరు మూసుకున్న సంగతి. "మీరుంటే ఏమందురు సార్?" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆయన ఎదుటే ఉన్నాడు.

సారు ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద కొంచెం కదిలింది.

ఆయనకు వినిపించిందా? అర్థమైందా? జోయల్ బుర్ర పాత దారినే పట్టింది. చెయ్యి కదిలింది, కానీ నిద్రలోనూ కదులుతుంది. కళ్లు తెరిచి ఉన్నాయి, కానీ బొమ్మకూ ఉంటాయి. పిలిస్తే పలుకుతాడు, చిలకా పలుకుతుంది. ఒక్కొక్కటీ సారు ఎలా విరగ్గొట్టేవాడో అలాగే విరగ్గొట్టుకుంటూ పోయాడు. చివరకు చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ కుర్చీలో, ఆ కళ్ల వెనక సారు ఉన్నాడని రుజువు చేయమంటే తన వల్ల కాదు. ఎవరి వల్లా కాదు.

మరి ఇంతసేపూ తను ఎవరితో మాట్లాడాడు?

ఈ ప్రశ్నకు జోయల్ ఉలిక్కిపడ్డాడు. రుజువు ఒక్కటి లేదు, సరే. కానీ అనుమానం ఏది? వెతికి చూసుకున్నాడు. రవ్వంత కూడా లేదు. ఎన్నడూ లేదు. గేటు పట్టుకుని కేకేసిన ఇన్ని ఏళ్లలో ఒక్కనాడైనా తను చెప్పులు లెక్కపెట్టి లోపలికి రాలేదు. పిలిచాడు, వచ్చాడు.

ముందుకు వంగి, సారు చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగాడు.

"సార్... ఉన్నరా?"

సారు చూపు వానను వదిలింది. చాలా దూరం నుంచి, చాలా లోతు నుంచి వస్తున్నట్టు మెల్లగా జోయల్ వైపు తిరిగింది. పెదవులు దగ్గరకు చేరడానికి కష్టపడ్డాయి. మెడ నరం ఉబ్బింది.

"ఉన్నడు."

తర్కమంతా పోయింది. పాఠాలు పోయాయి, చదివిన పుస్తకాలు పోయాయి, భార్య పేరు పోయింది, సొంత పేరు కూడా పోయింది. అన్నీ పోయిన చోటి నుంచి కూడా, పిలిచారని తెలిసి, ఆ మనిషి తలుపు దాకా నడిచొచ్చాడు. ఉన్నానని చెప్పడానికి వచ్చాడు. ఒక మనిషి ఉండటం ఇంత పెద్ద సంగతా? ఇన్నాళ్లూ దీని పక్కనే కూర్చుని చాయ్ తాగానా? జోయల్ తల ఎత్తి చూశాడు. వాన ఉంది. గేటు ఉంది. పెరట్లో జామచెట్టు ఆకు ఆకునా నీళ్లు కారుతూ ఉంది. లేకుండా పోవడానికి ఎంతో వీలుండి కూడా అన్నీ ఉన్నాయి. అవన్నీ అప్పుడే ఎవరో పిలిస్తే పలికినట్టు ఉన్నాయి. అతనికి భయం వేసింది. ఆ భయంలో ఎంత సంతోషం ఉందంటే, లేచి పారిపోవాలనీ, అక్కడే మోకరించాలనీ రెండూ ఒకేసారి అనిపించాయి. సారు ఎడమ చెయ్యి పట్టుకుని, నుదుటికి ఆనించుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ప్రమోదిని బురద కాళ్లతో వచ్చేదాకా అలాగే ఉన్నాడు. దేవుడి ఇంటి ముందు ఇన్నేళ్లు నిలబడి చెప్పులు లెక్కపెట్టానే గానీ, గేటు పట్టుకుని ఒక్కసారైనా పిలిచానా అని ఇంటికి పోతూ అనుకున్నాడు. పిలిచిన గుర్తు లేదు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఎన్నడూ రానివాళ్లు కిటికీల దగ్గర గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. పేతురు టీవీ మీద కొత్త తువ్వాలు కప్పి, వైరు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. లచ్చవ్వ పెళ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. విన్నది ఆమే కాబట్టి ఆ రోజు ఆమెది.

జోయల్ లేచి నిలబడ్డాడు. "పెద్దయ్యా, టీవీ వెట్టకుండ్రి," అన్నాడు.

ఏమిటన్నట్టు చూశాడు పేతురు.

"సారు అన్నమాట నిజమే. కని అది దేవుని ముచ్చట కాదు. గేటు కాడ 'సార్ ఉన్నరా' అంటే 'ఉన్నడు' అంటుండె, మీ అందరికి ఎర్కే. మాటలన్ని పోయి గదొక్కటి మిగిలింది. చాయ్ తాగిండ్రా అన్నా ఉన్నడనే అంటుండు. మాట రాని మనిషి నోట్లె మన మాట వెట్టి దాన్ని సాక్ష్యం అనుడు పాపం. మొన్ననే చెప్పేది ఉండె. చెప్పలే. తప్పు నాది."

చర్చిలో గుసగుసలు లేచాయి. కిటికీల దగ్గర గొడుగులు కొన్ని కదిలి వెళ్లిపోయాయి. పేతురు వైరు చుట్టుకుంటూ ముఖం మాడ్చుకున్నాడు. లచ్చవ్వ మాత్రం ఒంటికాలి మీద లేచింది.

"గదేంది అయ్యగారూ! ఉన్న ఒక్క సాక్ష్యం గూడ తీసేస్తివి! గట్లయితే దేవుడు లేడా మరి?"

"ఉన్నడు."

ఆ మాట ఎలా వచ్చిందో జోయల్‌కు తెలియదు. ఆలోచించి అనలేదు. ఎవరో గేటు దగ్గర పిలిస్తే లోపలి నుంచి వచ్చినట్టు వచ్చింది. తన గొంతు విని తనే ఆశ్చర్యపోయాడు. గుసగుసలు ఆగిపోయాయి. సంఘంలో ముసలీ ముతకా ఎన్నో ప్రసంగాలు విన్నవాళ్లే, కానీ తమ పాస్టరు నోట అంత పొట్టి మాట వాళ్లు ఎప్పుడూ వినలేదు.

"ఎట్ల చెప్తరు అయ్యగారూ?" అన్నాడు పేతురు. కోపంతో కాదు, నిజంగానే అడిగాడు.

"రుజువు చెయ్యుమంటే నాతోని కాదు పెద్దయ్యా. నా వాదాలన్ని సారు ఇరగ్గొట్టిండు. న్యాయంగనే ఇరగ్గొట్టిండు," అన్నాడు జోయల్. "ప్రార్థన చేద్దాం."

కళ్లు మూసుకున్నాడు. కారణం, కార్యం ఏవీ రాలేదు. "తండ్రీ," అన్నాడు. "ఉన్నరా?" అన్నాడు. దేవుణ్ని 'నువ్వు' అని పిలిచే చర్చిలో ఆ గేటు దగ్గరి మర్యాద ఎవరికీ తప్పనిపించలేదు. ఆ తర్వాత అతనికి ఇంకో మాట దొరకలేదు. రేకుల మీద వాన చప్పుడు వింటూ అందరూ అలాగే నిలబడ్డారు. పిల్లలు కూడా కదల్లేదు. ఎంతసేపు నిలబడ్డారో ఎవరూ చూసుకోలేదు. చివరకు లచ్చవ్వ ముక్కు ఎగబీల్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని, తనే ఆమేన్ అంది.

ఆరాధన అయ్యాక జోయల్, వినోద ఒకే గొడుగు కింద సారు ఇంటివైపు నడిచారు. కొంత దూరం పోయాక వినోద అడిగింది.

"చెప్పలేదేంది మరి?"

"ఏం చెప్పలే?"

"మానేస్తున్న అని."

జోయల్ నడిరోడ్డు మీద ఆగిపోయాడు. ఆ సంగతే మరచిపోయాడు. రాత్రి నుంచీ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. వినోద అతని ముఖం చూసి నవ్వింది. గొడుగు అతని వైపు కాస్త జరిపి, నడవమంది.

గేటు దగ్గర ఆగి జోయల్ కమ్మి పట్టుకున్నాడు. వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. లోపల మంచం మీద ఉన్నట్టున్నాడు. రెండు జతల చెప్పులూ గుమ్మం పక్కనే ఉన్నాయి. జోయల్ వాటి వైపు చూడలేదు.

"సార్ ఉన్నరా?"

జవాబు లేదు. వాన కొంచెం గట్టిగా పడింది. వినోద అతని వైపు చూసింది. మంచం పట్టిన మనిషి గురించి ఇదే మాట అడిగితే దాని అర్థం వేరు. జోయల్ లోపలికి ఉరకబోయి ఆగాడు. ఇంకోసారి పిలిచాడు, ఈసారి గొంతెత్తి.

"సార్! ఉన్నరా?"

చాలాసేపటికి వచ్చింది.

"ఉన్నడు."

జోయల్ కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. గేటు గడియ మీద చెయ్యి వేశాడు. అప్పుడు లోపలి నుంచి ఇంకో చప్పుడు వచ్చింది. బరువైనదేదో ఒంటిచేత్తో ఎత్తినట్టు, మూలిగి, ఆగి, మళ్లీ ఎత్తి, మొత్తానికి బయటికి తోసిన చప్పుడు.

"...రా."

వంటింట్లోంచి ప్రమోదిని పిండి చేతులతో వరండాలోకి ఉరికొచ్చింది. ఆ మాట విని విని ఎన్నడో విసిగిపోయిన మనిషి వానలోకి దిగి, తడుస్తూ, గేటు తీయబోతున్న జోయల్‌ను చేత్తో ఆపింది.

"గేటు తియ్యకు," అంది. "ఆడనే ఉండి మల్ల పిలువు జోయల్. మల్ల ఒక్కసారి పిలువు."